మూడు తీగల కేబులు

జంఝావతి ఏటి ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో ఉన్న అంధుల పాఠశాలలో దివాకరం అనే ఉద్యోగి ఉండేవాడు. పనిలో అతనంత చురుకైనవాడు లేడు గాని, ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగడం మాత్రం అతనికి చేతకాదు.

ఎవరైనా నోరు తెరిస్తే చాలు, వాళ్ళు చెప్పబోయేది తనకు ముందే తెలిసిపోయినట్టు "తెలుసు, తెలుసు" అనేవాడు. సగం వాక్యం వాళ్ళు అంటే, మిగతా సగం తానే అందుకునేవాడు. చాలాసార్లు అతను అందుకున్నది సరిగ్గానే ఉండేది. అందువల్ల అది తప్పని అతనికి ఎప్పుడూ తోచలేదు. అది తప్పని చెప్పబోయిన ఒకరిద్దరి మాట కూడా సగంలోనే ఆగిపోయింది.

ఆ బడిలో పిల్లలు వేళ్ళతో చదువుకునేవారు. దళసరి కాగితం మీద ఉబ్బెత్తుగా పొడిచిన చుక్కలే వాళ్ళ అక్షరాలు. ఆ చుక్కల పుస్తకాలను పాతికేళ్ళపాటు చేత్తో పొడిచినావిడ పైడమ్మ గారు. చిన్నతనంలో మశూచి వచ్చి ఆవిడ చూపు పోయింది. ఆ బడిలోనే చదువుకుని, ఆ బడిలోనే ఉద్యోగంలో కుదురుకుంది. ఒక్క పుస్తకం పూర్తి కావడానికి ఆవిడకు నెలలు పట్టేది. పిల్లలు ఒకే పుస్తకాన్ని వంతులవారీగా చదువుకునేవారు.

కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో ఎవరో దాతలు ఆ బడికి ఒక కంప్యూటరూ, చుక్కలు పొడిచే యంత్రమూ ఇచ్చారు. కంప్యూటర్లో పాఠం టైపు చేస్తే చాలు, వెనక ఉన్న సీరియల్ పోర్టు నుంచి కేబులు గుండా అక్షరాలు వెళ్ళేవి. యంత్రం వాటిని అందుకుని టకటకమంటూ పొడిచేది. ఆ పని దివాకరానికి అప్పగించారు. యంత్రం పొడిచినదాన్ని వేళ్ళతో చదివి, తప్పులు చూసి, సరిగ్గా ఉంటే ముద్ర వేసే పని పైడమ్మ గారికి మిగిలింది.

యంత్రాన్ని బిగించడానికి మద్రాసు నుంచి దొరైరాజు అనే పెద్దాయన వచ్చాడు. ఆయనకు తెలుగు వచ్చు గాని, ఒక్కో మాటా వెతుక్కుని మాట్లాడేవాడు. కంప్యూటరు చాలా వేగంగా పంపుతుందనీ, యంత్రం నిదానంగా పొడుస్తుందనీ, వచ్చిన అక్షరాలను కొన్నింటిని అది తన కడుపులో దాచుకుంటుందనీ వివరించాడు. కడుపు నిండగానే కేబులులోని ఒక తీగ ద్వారా 'ఆగు' అని కబురు పంపుతుంది. కంప్యూటరు ఆగుతుంది. మళ్ళీ చోటు దొరికాక 'పంపు' అంటుంది. అప్పుడు మళ్ళీ మొదలవుతుంది.

"ఈ కేబులు... ఒకవేళ మీరు..." అని ఆయన మొదలుపెట్టాడు.

"మార్చకూడదు. తెలుసు లెండి" అన్నాడు దివాకరం.

దొరైరాజు చెప్పదలచింది అది కాదు. అయినా ఆయన మెల్లగా నవ్వి ఊరుకున్నాడు. బండికి వేళవుతోందని దివాకరమే ఆయన్ని రిక్షా ఎక్కించాడు.

రెండేళ్ళు యంత్రం చక్కగా పనిచేసింది. మూడో ఏట వర్షాకాలంలో ఎలుకలు దాని కేబులును కొరికేశాయి. సరిగ్గా అదే ఏడాది పదో తరగతి జీవశాస్త్రం పుస్తకం మారింది. పాత చుక్కల పుస్తకాలు పనికిరావు. పైగా సైన్సు మేష్టారు బదిలీ అయి వెళ్ళిపోతే ఆయన స్థానంలోకి ఎవరూ రాలేదు. పదో తరగతి పిల్లలు తొమ్మిదిమందికీ ఇక పుస్తకమే మేష్టారు.

మద్రాసుకు ఉత్తరం రాస్తే కొత్త కేబులు రావడానికి మూడు వారాలు పడుతుందని జవాబు వచ్చింది. మూడు వారాలు ఆగడమనే మాట దివాకరానికి రుచించలేదు. బజారులో రేడియోలు బాగుచేసే దుకాణానికి వెళ్ళి, తీగ తెచ్చి, తానే కేబులు అతికించాడు. పాత కేబులులో చాలా తీగలు ఉన్నాయి. అతను మూడే పెట్టాడు. పంపడానికి ఒకటి, అందుకోవడానికి ఒకటి, ఎర్తుకు ఒకటి. 'ఆగు' అని చెప్పే తీగ పెట్టలేదు. దానికి బదులు కంప్యూటరు పంపే వేగాన్ని బాగా తగ్గించాడు. యంత్రం క్షణానికి ఎన్ని అక్షరాలు పొడుస్తుందో లెక్కగట్టి, ఇంచుమించు అంతే వేగంతో పంపితే ఇక ఆగవలసిన అవసరమే రాదనుకున్నాడు. తెలివైన లెక్కే. కానీ ఒక పుట పూర్తయి మరో పుట పైకి జరగడానికి యంత్రానికి పట్టే కాస్త సమయాన్ని అతను లెక్కలో వేసుకోలేదు.

ఒక పుట పంపి చూశాడు. అద్దంలా వచ్చింది. ఇంకో పుట పంపాడు. అదీ బాగానే వచ్చింది. మూడు వారాల పనిని ఒక్క పూటలో చేశానని అతనికి గర్వం కలిగింది. ఆ సాయంత్రమే జీవశాస్త్రం పుస్తకం మొదలుపెట్టాడు. పొడిచి ముగించడానికి నాలుగు రోజులు పట్టింది.

మొదటి ప్రతి చేతికి రాగానే పైడమ్మ గారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, రెండు అరచేతుల మధ్యా పట్టి చూసింది.

"పలచగా ఉంది బాబూ" అంది.

కొత్త యంత్రం దగ్గర దగ్గరగా పొడుస్తుందని చెప్పాడు దివాకరం. అచ్చు పుస్తకం ఎనభై పుటలనీ, చుక్కల్లోకి వస్తే మూడింతలు కావాలనీ, ఇది అంత లేదనీ ఆవిడ అంది. పుటల సంఖ్యలు ఒకటి నుంచి చివరిదాకా వరసగా ఉన్నాయో లేదో చూసుకోమన్నాడతను. ఆవిడ చూసుకుంది. వరసగానే ఉన్నాయి. ఆ సంఖ్యలను వేసేది యంత్రమే కాబట్టి, మధ్యలో ఏది పోయినా అవి వరసగానే ఉంటాయన్న సంగతి ఆవిడకు తెలియదు. అతనికి తెలుసు గాని, ఆ నిమిషంలో తట్టలేదు.

మర్నాడు ఆవిడ మళ్ళీ వచ్చింది. చదువుతుంటే కొన్నిచోట్ల మాట మాటకు అతకడం లేదంది. చూపున్న మనిషి అచ్చు పుస్తకం పైకి చదువుతుంటే, తాను చుక్కల మీద వేళ్ళు జరుపుతూ సరిచూడటం ఆవిడ పద్ధతి. ఈసారి అలా సరిచూడందే ముద్ర వేయలేనంది. దివాకరం విసుక్కుంటూనే కూర్చుని గబగబా చదివాడు. ఒకటో పుట, రెండు, మూడు, నాలుగు. ఒక్క చుక్క తేడా లేదు. యంత్రం కడుపు నిండటానికి అయిదారు పుటలు పడుతుంది. అతను నాలుగో పుట దగ్గర పుస్తకం మూసేశాడు.

"చూశారుగా? అంతా ఇలాగే ఉంటుంది."

"కాస్త ఆగు బాబూ. నేను చెప్పేది ముందు పుటల సంగతి కాదు. వెనక..."

"వెనకవి కూడా ఇదే యంత్రం పొడిచింది కదండీ. అవతల పిల్లలు పుస్తకాల కోసం ఎదురుచూస్తున్నారు. ఇంకా ఎనిమిది ప్రతులు పొడవాలి. కొత్త పుస్తకం కదా, భాష కొంచెం కటువుగా ఉంది. ముద్ర వేసేయండి."

పైడమ్మ గారు పుస్తకం ఒళ్ళోకి లాక్కుంది. ఆ తర్వాత ముద్ర అందుకుని చివరి పుట మీద నొక్కింది. పాతికేళ్ళలో సరిచూడకుండా ఆవిడ ముద్ర వేసిన పుస్తకం అదొక్కటే.

తొమ్మిది ప్రతులూ పిల్లలకు చేరాయి. అన్నిటిలోనూ అవే చోట్ల వరుసలు పోయాయి కాబట్టి, పిల్లలు ఒకరితో ఒకరు పోల్చుకున్నా తేడా కనబడలేదు. వాళ్ళు పొద్దున్నే లేచి, వరండాలో వరసగా కూర్చుని, వేళ్ళు జరుపుతూ పాఠాలు వల్లెవేశారు.

ఆ తొమ్మిదిమందిలో ఈశ్వరి అనే అమ్మాయి ఉండేది. మక్కువ అనే ఊరి దగ్గర ఒక పల్లె ఆమెది. తండ్రి లేడు. సైకిళ్ళు బాగుచేసే అన్నే ఆమెను బడిలో చేర్చాడు. ఒక్కసారి విన్న అంకెను ఆమె మరిచిపోయేది కాదు. టెలిఫోన్ ఆపరేటరు పనికి ఇంతకన్నా తగినవాళ్ళు ఉండరని, విశాఖపట్నంలో శిక్షణ ఇచ్చేవాళ్ళు వచ్చి, పరీక్షించి, చోటు ఉంచుతామని మాట ఇచ్చి వెళ్ళారు. పదో తరగతి పాసవ్వాలి, వయసు పద్దెనిమిది నిండకూడదు. అంతే వాళ్ళ షరతు. ఈశ్వరికి ఆ ఏడాది పదిహేడు నిండాయి.

మార్చిలో పరీక్షలు జరిగాయి. వేసవిలో ఫలితాలు వచ్చాయి. తొమ్మిదిమందిలో ఆరుగురు జీవశాస్త్రంలో తప్పారు. ఈశ్వరికి మిగతా అన్నిటిలోనూ మంచి మార్కులే వచ్చాయి. ఆ ఒక్కదానిలో తప్పింది.

బడి కార్యదర్శి పట్నాయక్ గారు విచారణ పెట్టారు. పిల్లలు చెబుతుంటే పరీక్షలో జవాబులు రాసిపెట్టినవాళ్ళను పిలిపించి అడిగారు. తొమ్మిదిమందీ ఒకే తప్పు చెప్పారని వాళ్ళన్నారు. 'ఊపిరితిత్తులలోకి చేరిన గాలి చిన్నప్రేగులలో జీర్ణమవుతుంది' అని పిల్లలు చెబుతుంటే నవ్వాపుకోలేకపోయామనీ, అయినా చెప్పింది చెప్పినట్టే రాశామనీ అన్నారు. చుక్కల పుస్తకం తీసి చదివిస్తే నిజంగా అలాగే ఉంది.

కార్యదర్శి గారి గదిలో అందరూ కూర్చున్నారు. ఈ పుస్తకం సరిచూసింది ఎవరని ఆయన అడిగారు. ఎవరూ నోరు తెరవకముందే దివాకరం అందుకున్నాడు.

"పైడమ్మ గారండి. ముద్ర కూడా ఆవిడదే."

అందులో అబద్ధం లేదు. టైపు చేసినప్పుడు ఎక్కడో తప్పు పడి ఉంటుందనీ, దాన్ని పట్టుకోవలసింది ఆవిడేననీ అప్పటికి అతను నిజంగానే అనుకున్నాడు. కానీ ఆవిడ రెండుసార్లు తన దగ్గరకు వచ్చిన సంగతి అతనికి గుర్తుంది. పైడమ్మ గారు అతని గొంతు వినవచ్చిన వైపు ముఖం తిప్పి కాసేపు ఆగింది. అతనే చెబుతాడని చూసింది. అతను తల వంచుకుని కూర్చున్నాడు. ఆవిడ ఏదో చెప్పబోతే, ముద్ర మీది అయితే బాధ్యత కూడా మీదే కదమ్మా అని పట్నాయక్ గారు కాగితాలు సర్దుకున్నారు. మర్నాడు పొద్దున్నే పైడమ్మ గారు ఉద్యోగం వదిలి, చేతిసంచీతో బస్సెక్కి తమ్ముడి ఊరికి వెళ్ళిపోయింది.

రెండు రోజుల తర్వాత ఈశ్వరి యంత్రం ఉన్న గదికి వచ్చింది. మధ్యాహ్నం అన్న వచ్చి ఇంటికి తీసుకుపోతాడు. ఈలోగా ఒక్క పాఠం పైకి చదివి వినిపించమని దివాకరాన్ని అడిగింది. తాను ఎక్కడ సరిగా నేర్చుకోలేదో తెలుసుకుంటానంది. అతను అచ్చు పుస్తకం తీశాడు. ఆమె తన చుక్కల పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది.

అతను చదువుతున్నాడు. ఆమె వేళ్ళు వరుసల మీద సాగుతున్నాయి. ఒక పుటలో సగం దూరం వచ్చాక ఆమె వేళ్ళు ఆగాయి. ఆమె చెయ్యెత్తింది.

"ఆగండి సార్. ఇప్పుడు చదివిన ఆరు వరుసలూ నా పుస్తకంలో లేవు."

అతను మళ్ళీ చదివాడు. నిజమే, లేవు. తర్వాతి పుట చదివాడు. అక్కడా కొన్ని లేవు. ఊపిరితిత్తుల్లోకి గాలి చేరే దగ్గర ఒక వరుస ముగిసింది. ఆ తర్వాతి పదిహేను వరుసలూ మాయమై, భోజనం చిన్నప్రేగులలో జీర్ణమయ్యే దగ్గర మళ్ళీ మొదలైంది. ఒక్కచోట టైపు తప్పు కాదు. పుస్తకం పొడుగునా పాఠం చిల్లులు పడి ఉంది.

"నీకు చదువుతున్నప్పుడు అనుమానం రాలేదా అమ్మా?" అని అడిగాడు.

"వచ్చింది సార్. గాలి ప్రేగుల్లోకి ఎలా పోతుందా అనుకున్నాను. కానీ చూపున్నవాళ్ళు చేసిన పుస్తకం కదా. తప్పు నా బుర్రలోనే ఉందనుకుని ఇంకో నాలుగుసార్లు బట్టీపట్టాను."

ఆమె ఆ మాట నిష్ఠూరంగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మధ్యాహ్నం అన్న సైకిలు మీద వచ్చి ఆమెను తీసుకుపోయాడు.

దివాకరం టెలిఫోన్ బూత్‌కు వెళ్ళి మద్రాసుకు ఫోను చేశాడు. దొరైరాజు దొరికాడు. జరిగింది విని, కేబులులో తీగలు ఎన్ని ఉన్నాయని అడిగాడు. మూడు అన్నాడు దివాకరం. ఆ తర్వాత ఆయన తన పద్ధతిలో ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పాడు. దివాకరం ఆ రోజు ఆయన్ని ఒక్కసారి కూడా అడ్డుకోలేదు.

"చిన్న కాగితానికి... ఏమీ కాదు. పెద్ద పుస్తకానికి... కడుపు నిండుతుంది. నిండాక వచ్చేది... కింద పోతుంది. అది ఆగు అంటూనే ఉంటుంది సార్. తీగ లేదు కదా. కంప్యూటరుకు... వినపడదు. ఆ రోజు నేను చెప్పాలనుకున్నాను. మీరు ఒకవేళ కేబులు మార్చవలసి వస్తే... ఆ ఒక్క తీగ మాత్రం వదలొద్దు అని."

దివాకరం బూత్ లోంచి బయటకు వచ్చి తిన్నగా పట్నాయక్ గారి ఇంటికి వెళ్ళాడు. కేబులు తాను చేసిన సంగతి, పైడమ్మ గారు రెండుసార్లు వచ్చి అడిగిన సంగతి, నాలుగు పుటలు చదివి ఆవిడ చేత ముద్ర వేయించిన సంగతి, విచారణలో నోరు మూసుకున్న సంగతి, ఏదీ దాచకుండా చెప్పాడు. ఆయన అంతా విని, ఆ రోజు ఆవిడను మాట్లాడనివ్వని తప్పు తనకూ ఉందన్నారు. ఇద్దరూ కలిసి పైడమ్మ గారి తమ్ముడి ఊరు వెళ్ళారు.

ఆవిడ గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. పట్నాయక్ గారు క్షమించమని అడిగారు. దివాకరం కూడా అడిగాడు. ఆవిడ పని ఆపకుండానే అంతా విన్నది. పిల్లలు మళ్ళీ సెప్టెంబరులో పరీక్ష రాయాలి కదా అని, వాళ్ళ కోసం వస్తానంది. కొత్త కేబులు వచ్చిందా అని అడిగింది.

"దొరైరాజు గారు పంపుతున్నారండి. ఈసారి మొత్తం పుస్తకం నేను చదువుతాను. మీరు ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతాను" అన్నాడు దివాకరం.

"అలాగే దివాకరం గారూ" అంది ఆవిడ.

ఆ 'గారూ' అతనికి ముల్లులా గుచ్చుకుంది. ఆవిడ మళ్ళీ ఎన్నడూ అతన్ని బాబూ అని పిలవలేదు. అడిగే హక్కు తనకు లేదని అతనికీ తెలుసు.

పుస్తకం మళ్ళీ మొదటినుంచి పొడిచారు. ఈసారి రెండు వందల నలభై పుటలు వచ్చింది. అతను చదివాడు, ఆవిడ వేళ్ళతో సరిచూసింది. ఎనిమిది రోజులు పట్టింది. తప్పిన ఆరుగురిలో అయిదుగురు మళ్ళీ బడికి వచ్చి, ఆ పుస్తకం చదివి సెప్టెంబరులో పాసయ్యారు. ఈశ్వరి రాలేదు. అతనే పుస్తకం పట్టుకుని ఆమె పల్లెకు వెళ్ళాడు.

అన్న కొట్టు వెనక వసారాలో ఆమె సైకిలు ట్యూబులు నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు వచ్చే చోటు వేలితో తడిమి చూస్తోంది. విశాఖపట్నంలో చేరవలసిన గడువు జూలైలోనే దాటిపోయింది. ఆగస్టులో ఆమెకు పద్దెనిమిది నిండాయి. దివాకరం అంతకుముందే విశాఖపట్నం వెళ్ళి వాళ్ళను బతిమాలాడు. తప్పు తనదని రాసి ఇచ్చాడు. వాళ్ళు జాలిపడ్డారు గాని, ఆమె చోటు అప్పటికే ఇంకొకరికి వెళ్ళింది, నిబంధన నిబంధనేనన్నారు.

అతను పుస్తకం ఆమె చేతికిచ్చి, జరిగిందంతా చెప్పాడు. ఆమె చేతులు తుడుచుకుని పుస్తకం విప్పింది. గాలి పాఠం దగ్గరకు వెళ్ళి, ఇదివరకు లేని ఆ పదిహేను వరుసలనూ మొదటినుంచి చివరిదాకా చదివింది. అతను పక్కనే నిలబడి, ఆమె ముగించేదాకా ఎదురుచూశాడు.

"ఎంత తేలిక పాఠం సార్ ఇది" అంది ఆమె. ఆ తర్వాత అడిగింది. "ఆ రోజుల్లోనే నేను మీ దగ్గరకొచ్చి, ఇక్కడేదో తప్పుంది అని చెప్పి ఉంటే, మీరు వినేవారా?"

వినేవాణ్ణి అనడానికి దివాకరానికి ధైర్యం చాలలేదు. వినేవాణ్ణి కాదు అనడానికి నోరు రాలేదు. ఆమె కూడా మళ్ళీ అడగలేదు. పుస్తకం మూసి అలమారలో పెట్టి, ట్యూబు అందుకుంది.

ఆ తర్వాత అతను ఆ బడిలో ఇంకో ఇరవై ఏళ్ళు పనిచేశాడు. అతని చేతి మీదుగా వందల పుస్తకాలు వెళ్ళాయి. ఒక్కదానిలోనూ వరుస పోలేదు. పిల్లలు అతన్ని నిదానస్తుడని, ఓపికగలవాడని చెప్పుకునేవారు. ఆ మాట విన్నప్పుడల్లా అతనికి మక్కువ దారిలోని ఆ సైకిలు కొట్టు కళ్ళముందు కదిలేది. నేర్చుకున్న ఓపిక తర్వాతి పిల్లలందరికీ పనికొచ్చింది గాని, ఎవరి వల్ల నేర్చుకున్నాడో ఆ పిల్లకు మాత్రం పనికిరాలేదు.

మన మాట ఎంత మంచిదైనా, ఎంత తొందరలో ఉన్నా, వినేవాళ్ళు 'ఆగు' అనడానికి ఒక దారి ఉంచాలి. ఆ దారి మూసేసినవాడు మాట్లాడింది సగమే చేరుతుంది, పోయిన సగానికి మూల్యం మాత్రం ఏ పాపమూ ఎరగని వాళ్ళు చెల్లిస్తారు.